కాఫీ లోయ కథ – 4: కొండను తిన్న తోట

గత సంచికలో 1839 సెప్టెంబరు 6 దగ్గర ఆగాం. ఆ రోజు బ్రెజిల్‌లోని వసోరస్ పట్టణంలో బానిసల తిరుగుబాటు నాయకుడు మనుయేల్ కోంగోను ఉరి తీశారు. అంతకు పది నెలల ముందు ఒక మేస్త్రీ చేతిలో తోటి బానిస చనిపోవడం, దాంతో రెండు ఫజెండాల (కాఫీ తోటల) నుంచి వందలాది మంది అడవిలోకి పారిపోవడం, కల్నల్ లసెర్దా వెర్నెక్ నేషనల్ గార్డు దళంతో వాళ్లను వెంటాడి పట్టుకోవడం చూశాం. బోనెక్కినవాళ్లు పదహారు మందే. ఏడుగురికి తలా 650 కొరడా దెబ్బలు, రోజుకు యాభై చొప్పున. ఆపైన మూడేళ్లు మెడలో ఇనుప పట్టీ. తిరుగుబాటులో కోంగో పక్కన నిలిచిన మరియానా క్రియోలాతో సహా ఆడవాళ్లను నిర్దోషులన్నారు. బోను దాకా రాని వందల మంది ఏమయ్యారు? దొరికినవాళ్లను దొరికినట్టు మళ్లీ తోటకే తోలారు. కాఫీ కోతకు మనుషులు కావాలి కదా.

ఈ భాగం ఆ తర్వాతి యాభై ఏళ్ల కథ. వసోరస్‌కు ‘బారన్ల పట్టణం’ అని పేరొచ్చిన కాలమూ ఇదే, ఆ పేరు తప్ప మరేమీ మిగలకుండా పోయిన కాలమూ ఇదే.

ముందు నేల సంగతి. రియో డి జనీరో నుంచి లోపలికి బయల్దేరితే సముద్రానికి సమాంతరంగా సెర్రా దో మార్ కొండల వరస అడ్డొస్తుంది. అది దాటితే పరయీబా దో సూల్ నది లోయ. వసోరస్ మున్సిపాలిటీ ఇక్కడుంది, రియోకు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. బ్రెజిల్‌లో మున్సిపాలిటీ అంటే పట్టణం ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న పల్లెలు, తోటలు, కొండలు అన్నీ దాని కిందికే వస్తాయి. ఇక్కడ చదునైన పొలం కళ్లకు ఆనదు. ఎటు చూసినా గుండ్రటి కొండలు, ఒకదాని వెనక ఒకటి. సగానికి కోసి బోర్లించిన నారింజపళ్లంటారు వాటిని బ్రెజిల్ భూగోళవేత్తలు. కింద ఎర్రమట్టి. దాని మీద వేల ఏళ్లుగా ఆకులు రాలి కుళ్లి పేరుకున్న పలుచటి నల్లపొర. వర్షాలు అక్టోబరు నుంచి మార్చి దాకా, అదీ కుండపోతగా. ఆ నల్లపొరను పట్టి ఉంచింది అట్లాంటిక్ అడవి ఒక్కటే.

కాఫీకి కన్నె అడవి నేలే కావాలని ఆనాటి తోటదొరల నమ్మకం. పాత నేలకు ఎరువు వేద్దామన్న ఆలోచన వాళ్లకు రాలేదు. ఎందుకొస్తుంది? పక్క కొండ మీద అడవి ఊరికే ఉంది. దాన్ని కొట్టే పద్ధతి ఒకటుంది, చదివితే ఒళ్లు జలదరిస్తుంది. గొడ్డళ్లవాళ్లు కొండ అడుగు నుంచి మొదలుపెట్టి పైకి పోతూ ప్రతి చెట్టునూ సగం దాకా నరికి వదిలేస్తారు. ఏదీ పడదు. నెత్తి మీదికి చేరాక అన్నిటికంటే పెద్ద మానును చూసి దాన్ని మాత్రం పూర్తిగా కొడతారు. అది తన కిందిదాని మీద పడుతుంది, అది దాని కిందిదాని మీద. తీగలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కొండవాలు మొత్తం ఒక్క ఊపున నేలకొరుగుతుంది. కొన్ని వారాలు ఎండనిచ్చి నిప్పు పెడతారు. మన ఏజెన్సీ గిరిజనులకు పోడు తెలుసు. కానీ పోడు చేసేవాళ్లు కొన్నేళ్లకు నేలను మళ్లీ అడవికి వదిలేస్తారు. ఇక్కడ అలా వదిలింది లేదు.

బూడిద చల్లారాక మొక్కలు నాటేవాళ్లు. సాళ్లు కొండకు అడ్డంగా కాకుండా నెత్తి నుంచి పాదం దాకా నిలువుగా వేసేవాళ్లు. కారణం మరీ విచిత్రం. అలాగైతే మేస్త్రీ కింద ఒకచోట నిలబడి ఏ సాలులో ఎవరు పని చేస్తున్నారో, ఎవరు నడుం వాల్చారో మొత్తం చూడొచ్చు. మనుషులను కాపలా కాయడం కోసం గీసిన ఆ గీతల వెంటే వానాకాలం నీళ్లు కూడా దిగేవి. ఏటా కాస్త నల్లమట్టి వాగులోకి, వాగు నుంచి పరయీబాలోకి. నాటిన మూడు నాలుగేళ్లకు కాపు మొదలై పదిహేను ఇరవై ఏళ్లు బాగా కాసేది, తర్వాత చెట్టు ముదిరిపోయేది. అప్పుడు పక్క కొండ. మన అరకులో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య కాఫీ పెరగడం చూసినవాళ్లకు ఈ బోడి కొండల సాగు నమ్మశక్యంగా ఉండదు. నీడ కోసం ఒక్క చెట్టునైనా ఉంచలేదు వసోరస్ దొరలు.

అయినా డబ్బు కురిసింది. 1850 నాటికి ప్రపంచంలో పండే కాఫీలో సగం దాకా బ్రెజిల్‌దే, అందులో అధిక భాగం ఈ లోయదే. మనుయేల్ కోంగోను వేటాడిన కల్నల్ వెర్నెక్ గుర్తున్నాడు కదా, ఆ దశకంలోనే ఆయన పతీ దో అల్ఫేరిస్ బారన్ అయ్యాడు. బ్రెజిల్‌లో ఈ బిరుదులు కొడుకులకు సంక్రమించవు, ఎవరిది వాళ్లు చక్రవర్తి దగ్గర సంపాదించుకోవలసిందే. అందుకే వసోరస్‌లో ఒక్కో కుటుంబంలో ఇద్దరు ముగ్గురు బారన్లు కనిపిస్తారు.

బారన్ కాకముందే, 1847లో, ఈయన ఒక పుస్తకం అచ్చువేయించాడు. యూరప్‌లో చదువుకుని వచ్చిన కొడుకుకు ఫజెండా ఎలా నడపాలో చెప్పే పుస్తకం. ఇల్లు ఎక్కడ కట్టాలి, ఏ కలప దేనికి పనికొస్తుంది లాంటివన్నీ ఉన్నాయి. బానిసల మీదా సలహాలున్నాయి. ప్రతి ఒక్కరికీ చిన్న చెక్క భూమి ఇవ్వు, ఆదివారాలు అందులో మొక్కజొన్నో చిక్కుడో కాఫీయో వేసుకోనీ, పండింది నువ్వే కొను, అప్పుడు నేల మీద మమకారం పుట్టి పారిపోరు అంటాడు. దయ అని పొరపడకండి. అడవిలోకి వందల మంది వెళ్లిపోయిన రోజును కళ్లారా చూసిన మనిషి తొమ్మిదేళ్ల తర్వాత రాసిన జాగ్రత్త ఇది.

ఆ తోటలో ఒక రోజు ఎలా గడిచేదో చూద్దాం. ఇంకా చీకటి ఉండగానే గంట. ఆడా మగా కళ్లంలో వరసలు కట్టాలి. ఫజెండాలో పెద్దింటి ముందు కాఫీ ఆరబోసే కళ్లమే అన్నిటికీ కేంద్రం. పెద్దిల్లు, గిడ్డంగులు, బానిసల కొట్టాలు దాని చుట్టూ ఉంటాయి. తల లెక్క, ప్రార్థన, చక్కెర కలిపిన కాఫీ, ఆపైన పారలు భుజాన వేసుకుని కొండ ఎక్కడం. పొద్దెక్కాక చేను గట్టునే భోజనం: చిక్కుడు గింజలు, మొక్కజొన్న సంకటి, ఉన్ననాడు పందికొవ్వు ముక్క. కోతల కాలంలో చీకటి పడ్డా పని తీరదు. కళ్లంలో గింజలు ఏరడం, రోకళ్ల యంత్రం దగ్గర పొట్టు కొట్టడం ఉంటాయి. ఆరబోసిన గింజ తడిస్తే రంగు చెడుతుంది. మబ్బు పట్టిందంటే చాలు, అర్ధరాత్రైనా అందరూ లేచి కుప్ప చేయాలి.

పాటలే లేకపోతే ఆ పని జరిగేది కాదు. ఒక ముఠాకు ఒక పాటగాడు. అతను ఒక చరణం విసిరితే తన ముఠా అందుకునేది, పక్క సాళ్లలోని ముఠా బదులు పాడేది. జోంగో అంటారు ఆ పాటలను. మాటలు కొన్ని పోర్చుగీసు, కొన్ని కోంగో, అంగోలా ప్రాంతాల బంటూ భాషలవి. అన్నీ పొడుపుకథలే. అడవిలో దేనికీ పనికిరాని బోలు చెట్టు పేరు వినిపిస్తే అది దొరగారి గురించి. మేస్త్రీ వస్తున్నాడన్న హెచ్చరికా పాటలోనే దాక్కుని కొండ దాటేది. శనివారం రాత్రుళ్లు, పండగ రోజుల్లో కళ్లంలో నిప్పులు వేసి కషాంబు డోళ్లు మోగించేవాళ్లు. దొరలు వినేవాళ్లు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఈ పాటలు మనదాకా వచ్చాయంటే అది స్టాన్లీ స్టైన్ అనే అమెరికన్ చరిత్రకారుడి పుణ్యం. 1940ల చివర భార్య బార్బరాతో కలిసి వసోరస్ వచ్చి, కోర్టు దస్తాలు తిరగేస్తూనే, బానిసత్వం నాటి తరాన్ని చూసిన ముసలివాళ్లను వెతికి వాళ్ల పాటలను తీగ మీద ముద్రించే ఆనాటి రికార్డరులో ఎక్కించాడు. ఆయన పుస్తకం 1957లో వచ్చింది, నేటికీ ఈ లోయ మీద మాట్లాడేవాళ్లందరూ మొదట తెరిచే పుస్తకం అదే. రికార్డులు మాత్రం దశాబ్దాల పాటు ఎక్కడో పడి ఉండి, 2007లో సీడీగా వెలుగు చూశాయి. ఆలోగా 2005లో బ్రెజిల్ ప్రభుత్వం జోంగోను జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. దొరల ఆస్తి జాబితాల్లో మనుషులకు పేరు, వయసు, ధర లాంటివి తప్ప ఇంకేమీ రాయలేదు. వాళ్లు ఏమనుకునేవాళ్లో కాస్తయినా తెలిసేది ఆ పాటల వల్లనే.

సరే, గింజలు బస్తాల్లోకి ఎక్కాయి. ఓడరేవు చేరాలంటే సెర్రా దో మార్ దాటాలి, బళ్లు పోయే దారి లేదు. కంచరగాడిదలే గతి. ఒక్కోదాని వీపున రెండు బస్తాలు, అంటే దాదాపు 120 కిలోలు. వానాకాలం బురదలో కడుపు దాకా దిగబడి చచ్చిన జంతువులు దారి పొడవునా కనిపించేవని ఆనాటి ప్రయాణికులు రాశారు. తోటలో బలమైన మనుషుల్లో కొందరు ఏడాది పొడవునా ఈ బిడారుల వెంటే ఉండేవాళ్లు. సరుకు రియోలో కమీషన్ వ్యాపారి కొట్టుకు చేరేది. ఆయన అమ్మిపెడతాడు, దొరగారికి ఉప్పు, ఎండుచేప, ఇనుము, ఇంటావిడకు పారిస్ గౌను, పిల్లలకు పియానో పంపుతాడు, అన్నీ ఖాతాలో రాస్తాడు. వచ్చే పంట మీద అప్పూ ఇస్తాడు. పంటకు ముందే డబ్బు వాడేసుకునే అలవాటు ఈ లోయకు అక్కడ అంటింది.

అప్పు దగ్గరికొచ్చాం కాబట్టి ఇక్కడి రెండు కూటముల సంగతి చెప్పుకోవాలి. వెర్నెక్‌లు, అవెలార్‌లు పాతకాపులు. వాళ్ల పట్టు పతీ దో అల్ఫేరిస్ వైపు, మొదట తాలూకా కేంద్రమూ అదే. మీనస్ జెరైస్ నుంచి దిగిన తెషైరా లైతేలు కొత్తవాళ్లు. వాళ్ల దగ్గర భూమీ ఉంది, కానీ అసలు బలం ప్రోనోట్లు. తోటలకు వడ్డీకి డబ్బు తిప్పేవాళ్లు. 1833లో పాలనా కేంద్రాన్ని పతీ నుంచి పీకి వసోరస్‌కు మార్చడం మొదటి భాగంలో చూశాం. అప్పటి నుంచీ పతీవాళ్లకు ఆ కడుపుమంట ఉంది. ఒకరింటి పిల్లను ఒకరు చేసుకున్నా, ఒకే చర్చిలో మోకరిల్లినా, రోడ్డు ఎటు వేయాలి, వంతెన ఎవరి గుమ్మం ముందు పడాలి అన్నచోట కత్తులు దూసుకునేవాళ్లు. కొత్తవాళ్లు పట్టణాన్ని మాత్రం ముచ్చటగా కట్టారన్నది ఒప్పుకోవాలి. వాలు మీద పొడవాటి చౌకు, పైన కన్సెయ్‌సావ్ మాత చర్చి, మధ్యలో రాతి ఫౌంటెన్, చుట్టూ బారన్ల మేడలు. 1857లో వసోరస్‌కు నగరం హోదా వచ్చింది.

దానికి ఏడేళ్ల ముందే నేల కింద పగులు మొదలైంది. ఆఫ్రికా నుంచి మనుషులను తేవడం 1831 నుంచే చట్టవిరుద్ధం, కానీ ఆ చట్టాన్ని పట్టించుకున్న పాపాన ఎవరూ పోలేదు. మనుయేల్ కోంగో వెంట నడిచినవాళ్లలో చాలామంది చట్టం ప్రకారం స్వతంత్రులే. 1850 సెప్టెంబరులో, ఇంగ్లిషు నౌకాదళం బ్రెజిల్ రేవుల్లోకే చొరబడుతుంటే, ఇంక తప్పక ఎవుజేబియో కెయిరోస్ చట్టం తెచ్చి నిజంగానే ఆపారు. కొద్ది ఏళ్లలోనే బానిస ధర రెండింతలైంది. ఈశాన్యాన చితికిపోయిన చెరకు తోటల నుంచి మనుషులను కొని తెచ్చారు, కుటుంబాలను విడదీసి మరీ. అప్పులు చేసి కొన్నారు. ఆనాటి వసోరస్ దొర చనిపోతే తీసిన ఆస్తి జాబితాలో పెద్ద పద్దు భూమీ కాదు, కాఫీ చెట్లూ కాదు, మనుషులే. తాకట్టు పెట్టిందీ వాళ్లనే.

ఈ జబ్బుకు మందు రైలన్నారు తెషైరా లైతేలు. రియోలో మంత్రుల చుట్టూ తిరిగారు, పత్రికల్లో రాశారు. 1855లో దొం పెద్రో రెండవ రైల్వే కంపెనీ పుట్టింది. సెర్రా దో మార్‌ను తొలిచి సొరంగాలు వేయడానికి అమెరికా ఇంజనీర్లు వచ్చారు. 1864లో రైలు కొండ దాటి బర్రా దో పిరయి చేరింది. లోయంతా సంబరం. కానీ రైలు నది ఒడ్డు పట్టుకుని పోయింది, ఇన్నేళ్లు దాని కోసం కొట్లాడిన వసోరస్ పట్టణాన్ని కొన్ని కిలోమీటర్ల అవతలే వదిలేసి. నిన్నటిదాకా ఊరూపేరూ లేని బర్రా దో పిరయి పెద్ద జంక్షనైంది, దుకాణాలు అటు నడిచాయి. బిడారులతో పాటే వాటి మీద బతికే సత్రాలు, లాడాలు కొట్టేవాళ్లు పోయారు. 1877కల్లా పట్టాలు సావ్ పావ్లోతో కలిశాయి. ఎగుమతి చేయడానికి ఇక్కడ కాఫీ తగ్గుతున్న వేళ ఆ పట్టాలు కొత్త తరం రైతులకు పడమట కన్నె నేలల దారి చూపించాయి. వసోరస్ దొరలు కోరి తెచ్చుకున్న రైలు వాళ్ల పోటీదారుకే ఎక్కువ ఉపయోగపడింది.

లోయకు ఇక భవిష్యత్తు లేదని అందరికంటే ముందు పసిగట్టింది ఒక ఇరవై మూడేళ్ల అమ్మాయి. యూఫ్రాజియా తెషైరా లైతే 1850లో పుట్టింది. వడ్డీ వ్యాపారి తండ్రి 1872లో పోయేనాటికి ఆమెకూ అక్కకూ మిగిలినవి ప్రోనోట్లు, బాండ్లు, పట్టణంలో ఇల్లు. తోట లేదు. బాబాయిలు పెళ్లి చేసి ఆస్తి చేతిలో పెట్టుకుందామని చూశారు. అక్కచెల్లెళ్లిద్దరూ 1873లో ఓడెక్కి పారిస్ వెళ్లిపోయారు. అదే ఓడలో జోవాకిం నబూకో ఉన్నాడు, తర్వాత బానిసత్వ నిర్మూలన ఉద్యమానికి గొంతైనవాడు. బానిసల మీద ఇచ్చిన అప్పులతో పెరిగిన సంపదకు వారసురాలికీ ఆయనకూ ప్రేమ కుదిరింది. పధ్నాలుగేళ్లు ఉత్తరాలతో సాగి, పెళ్లి కాకుండానే తెగింది. ఆమె పారిస్ నుంచే దేశదేశాల కంపెనీల వాటాలు కొని అమ్ముతూ తండ్రి ఇచ్చినదాన్ని ఎన్నో రెట్లు చేసింది. 1930లో చనిపోతూ ఆ ఆస్తిలో అధిక భాగం వసోరస్ ధర్మాసుపత్రికి, పేదపిల్లల చదువుకు రాసింది. లోయలో నిలబడ్డ కాఫీ సొమ్ము దాదాపు అదొక్కటే. అదీ లోయ వదిలిపోయింది కాబట్టి నిలబడింది.

మిగతా వాళ్లు కొండలనే పట్టుకుని ఉన్నారు. 1860ల నుంచి ఆకుపురుగు దాడి. సౌవా చీమలు రాత్రికి రాత్రి చెట్టుకు చెట్టు మోడు చేసేవి. అడవి పోయాక వానలు మునుపటిలా పడటం లేదని పెద్దలు గొణిగేవాళ్లు. 1872 జనాభా లెక్కల నాటికి కూడా మున్సిపాలిటీలో సగం మంది దాకా బానిసలే, కానీ వాళ్లూ చెట్లలాగే ముసలివాళ్లవుతున్నారు. అంతకు ముందు ఏడాది వచ్చిన చట్టంతో బానిస తల్లులకు పుట్టే బిడ్డలు స్వతంత్రులు. బ్యాంకులు పాత అప్పులు తిరగరాయడం మానేశాయి.

1888 మే 13, ఆదివారం. రాకుమారి ఇజబెల్ సంతకంతో బానిసత్వం రద్దయింది. లోయలో కోతలు మొదలయ్యే రోజులవి. కళ్లాల్లో రాత్రుళ్లు డోళ్లు ఆగలేదు. చాలామంది ముందు చేసిన పని, ఉన్న తోట వదిలి పక్క తోటకైనా సరే నడిచి వెళ్లడం. దొరలు నష్టపరిహారం అడిగారు, ఇవ్వని చక్రవర్తికి మర్నాటి నుంచే ఎదురుతిరిగారు, 1889 నవంబరులో సింహాసనం కూలితే కన్నీరు పెట్టలేదు. 1890లో కొత్త రిపబ్లిక్ ఆర్థికమంత్రి హుయి బర్బోజా ఆ పరిహారం గొడవకు ఆధారమే లేకుండా ఖజానాలోని బానిసల రిజిస్టర్లు కాల్చేయమన్నాడు. ఆ మంటలో తమ తాతముత్తాతల ఆనవాళ్లు కూడా పోయాయని నేడు నల్లవాళ్లు బాధపడుతుంటారు.

ఇజబెల్ సంతకమే ఇళ్లు ముంచిందని వసోరస్ పాత కుటుంబాల్లో ఇప్పటికీ ఒక కథ నడుస్తుంది. నాకది నమ్మబుద్ధి కాదు. అప్పటికి నరకడానికి అడవి లేదు, నాటడానికి నేల లేదు, తాకట్టుకు మనుషులు తప్ప ఇంకేమీ లేదు. ఆ నిలువు సాళ్లు గీసిన రోజే లెక్క తేలిపోయింది. చట్టం వచ్చి ఖాతా మూసింది, అంతే.

పట్టణం కేంద్ర భాగాన్ని 1958లో బ్రెజిల్ వారసత్వ సంస్థ రక్షిత జాబితాలో చేర్చింది. యూఫ్రాజియా ఇల్లు మ్యూజియం. మనుయేల్ కోంగో పేరిట స్మారకం ఉంది. విశ్వవిద్యాలయం, పాత ఫజెండాల పర్యాటకం ఇప్పుడు ముప్ఫై నాలుగు వేల మంది ఊరికి ముఖ్య ఆదరువు. పక్కన పతీ 1987లో విడిపోయి సొంత మున్సిపాలిటీ తెచ్చుకుని టమాటాకు పేరు మోసింది. నూటయాభై ఏళ్ల పంతం అలా తీరింది. పర్యాటకంలోనూ పాత పుండు రేగుతూనే ఉంటుంది. ఒక ఫజెండాలో నల్లజాతివాళ్లకు బానిసల వేషం వేసి వాళ్లచేత అతిథులకు వడ్డన చేయిస్తున్నారని 2016లో పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వ న్యాయవాదులు కదిలాక, మరుసటి ఏడాది ఆ ఆట కట్టిపెట్టి, అక్కడ నిజంగా బానిసలుగా బతికినవాళ్ల పేర్లతో ఫలకం పెట్టడానికి యజమానులు ఒప్పుకున్నారు.

అయితే కాఫీ పోయిన ఆ కొండల మీద ఏం పెరిగింది? ఆఫ్రికా నుంచి వచ్చిన గడ్డి. దాన్ని మేయడానికి పశువులు కావాలి, ఆ ఎండకూ పిడుదులకూ తట్టుకునే పశువులు. వసోరస్ పతనానికి పదేళ్ల ముందే, 1878లో, ఇదే నదికి దిగువన సపుకాయాకు చెందిన లెంగ్రూబర్ అనే తోటదొర జర్మనీ వెళ్లి హాంబర్గ్‌లో హాగెన్‌బెక్ జంతుశాల దగ్గర ఆగిపోయాడు. దొడ్లో ఒక తెల్లటి ఎద్దు నిలబడి ఉంది, ఎత్తైన మూపురంతో, వేలాడే గంగడోలుతో. ఒంగోలు జాతి. ఆయన దాన్ని బ్రెజిల్‌కు ఎలా చేర్చాడు, దాని సంతతి కోట్లకు పెరిగి ఒక దేశం పశుసంపదనే ఎలా మార్చింది, 1960లలో ఆ దేశపు రైతులు మళ్లీ గుండ్లకమ్మ తీరపు పల్లెలు వెతుక్కుంటూ ఎందుకొచ్చారు అన్నది వచ్చే సంచికలో.